నాలుగు మూలలకీ సరిపోయే చక్రం

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా చెల్లెలు కనబడినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పనివ్వండి. బట్టలు కుట్టేదానికి ఆ మాత్రం మొండితనం లేకపోతే ఊళ్ళో సగంమంది చంకలు బిగుసుకుపోయిన చొక్కాలతోనూ, మిగతా సగంమంది జారిపోయే ప్యాంట్లు ఎగలాక్కుంటూనూ తిరుగుతుంటారు. "కొంచెం బిగుతైనా పర్లేదమ్మా, సర్దుకుపోతాను" అన్న మనిషిని నేను కొట్టు గుమ్మం దిగనివ్వను. చొక్కా విప్పించి, కుట్టు విప్పదీసి, మళ్ళీ కుట్టి, చేతులు పైకెత్తించి కిందికి దించించి అప్పుడు పంపిస్తాను. సర్దుకుపోవడమనే మాట వింటేనే నాకు ఒళ్ళుమంట.

అలాంటి నాతో మా చెల్లెలు, కొట్లో కూర్చుని గుండీలు కుడుతూ కుడుతూ, దారం పంటితో తెంపి, "అక్కా, నేను ఆస్పత్రి పక్కనే ఒక గది తీసుకుని ఉంటాను. ఎలాగో సర్దుకుపోతాలే" అంది.

దానికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మిషను మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చెయ్యాలి. ఆ మిషను మా ఊళ్ళో లేదు, కొండ అవతల పెద్ద ఊళ్ళో ఉంది. "ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని దేవుడు అందరికీ రెండేసి ఇస్తాడు. నాకు బండీ పోయింది, స్టెప్నీ కూడా పోయింది" అని అదే జోకులేస్తుంది. డాక్టరుగారి ముందు కూడా వేసింది. ఆయన నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు.

మా ఆయన పోయాక, దాని కాపురం చెడిపోయాక, ఇద్దరం ఒక ఇంట్లో చేరాం. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. కత్తిరించడం, కుట్టడం నావి. గుండీలు, కాజాలు, అంచులు మడవడం దానివి. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకదాని మీద పోట్లాడుకుంటాం. దాని ఆరోగ్యం ఇలా అయ్యాకే నేను డ్రైవింగు నేర్చుకుని, పాత కారొకటి కొన్నాను. ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం తప్ప ఆ కారుకి వేరే పని లేదు. వచ్చేటప్పుడు అది నీరసంతో వెనక సీట్లో పడుకుని నిద్రపోతుంది.

మధ్యలో ఉన్నది క్వారీ రోడ్డు. కంకర లారీలు తిరిగీ తిరిగీ అది రోడ్డన్న సంగతే మర్చిపోయింది. ఒక మంగళవారం ఆ రోడ్డు మీద వెనక ఎడమ చక్రం కింద పదునైన రాయి పడి, టైరు పక్కవైపు బెత్తెడు చీలిపోయింది. దిగి డిక్కీ తెరిచి, అడుగున పరిచిన అట్ట ఎత్తాను. స్టెప్నీ ఉండాల్సిన గుంతలో చిన్న గాలిపంపు, ఒక జిగురు సీసా ఉన్నాయి. ఈ రకం కార్లకి కంపెనీవాళ్ళు స్టెప్నీ ఇవ్వడం మానేశారట. అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కారన్నాక డిక్కీలో ఇంకో చక్రం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు కదా! జిగురు లోపలికి పోసి పంపు ఆన్ చేస్తే, ఆ జిగురంతా చీలికలోంచి తెల్లగా నురగ కక్కుకుంటూ నేల పాలైంది. మేకు దిగిన చిల్లైతే ఆ జిగురు పట్టేదేమో. ఇది చిరుగు. బట్టైతే మాసిక వేసేదాన్ని.

చివరికి ఒక కంకర లారీ ఆయన జాలిపడి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఆస్పత్రికి చేరేసరికి దాని మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రందాకా కూర్చోబెట్టి, దొరికిన కాస్త సేపు పెట్టి పంపించారు. ఒంట్లో నీరు పూర్తిగా పోలేదు. మళ్ళీ వాయిదా వచ్చేవరకూ అది పడుకోలేక, గోడకి దిండ్లు పెట్టుకుని కూర్చునే ఊపిరి లాగింది. పక్కగదిలోంచి ఆ చప్పుడు వినబడుతుంటే నాకు చేతులాడలేదు. గురువారం బస్సులో వెళ్ళాం. రెండు బస్సులు మారాలి, సీటు దొరికితే అదృష్టం. వచ్చేటప్పుడు అది నా భుజం మీద తల వాల్చి నిలబడే నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున అది గది సంగతి ఎత్తింది.

"గదెవరు చూశారు?" అన్నాను.

"ఆస్పత్రిలో నర్సమ్మ. వాళ్ళ పిన్నిగారి మేడ మీద ఖాళీగా ఉందట. మంగళవారం నుంచి ఉండొచ్చట."

"వంటెవరు చేస్తారు?"

"ఉప్పులేని తిండికి వంటమనిషి కూడానా? నేనే ఉడకేసుకుంటా."

"కళ్ళు తిరిగి పడిపోతే లేపేదెవరు?"

"పడకుండా ఉంటా."

"నీ మొహం! ఒక్కదానివీ మేడ మీద గదిలో... నాకు బుర్ర పనిచెయ్యడం లేదనుకున్నావా?"

అది సూది దిండుకి గుచ్చింది. "అక్కా, నువ్వు ఆ రోజు రోడ్డు మీద కూర్చుని, చెప్పు తీసి టైరుని కొట్టావు. ఏడుస్తూ కొట్టావు. నాకు ఊపిరాడకపోయినా పర్లేదు కానీ అది మళ్ళీ చూడలేను" అంది.

కొట్టిన మాట నిజమే. ఆ టైరు అంతకు తగినదే. కానీ అది వెళ్ళిపోతే ఇంట్లో నాతో పోట్లాడేదెవరు? వాయిదాకీ వాయిదాకీ మధ్య ఆ మేడ మీద అది ఎలా ఉందో నాకు తెలిసేదెలా? దాన్ని పంపించడం నాకు ఇష్టం లేదు. అంతే. దానికి ఇంకే కారణమూ అక్కర్లేదు.

"స్టెప్నీ ఉంటే ఉండిపోతావా?" అన్నాను.

"ఆ కారుకి స్టెప్నీ రాదటగా."

"నేను తెస్తే?"

"తే. చూద్దాం."

"చూద్దామంటే ఉంటాననా?"

"చూద్దామంటే చూద్దామనే" అని ఇంకో చొక్కా అందుకుంది.

మంగళవారం లోపల తాడో పేడో తేల్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. చిరిగిన టైరు స్థానంలో కొత్తది వేయించడం అయింది కనక కారు నడుస్తోంది. నేరుగా కంపెనీ వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. కౌంటరు మీద కుర్రాడు మర్యాదస్తుడు. "ఈ మోడల్‌కి స్టెప్నీ లేదండీ. డిక్కీలో గుంత కూడా లోతుండదు. విడిగా ఒక చక్రం తెప్పించగలం కానీ నెల పైనే పడుతుంది" అన్నాడు. మంగళవారానికి కావాలంటే పాత కార్లు విప్పే యార్డులో వెతుక్కోమని, టైరు మీదున్న అంకెలు ఒక కాగితం మీద రాసిచ్చి పంపించాడు.

ఊరి చివర యార్డు ఆయన్ని అందరూ 'సర్దుబాటు' అంటారు. అసలు పేరు ఎవరికీ తెలియదు. తలుపు అడిగితే తలుపు, అద్దం అడిగితే అద్దం, ఏది అడిగినా ఏదో ఒకటి తీసి "సర్దుకుపోతుందమ్మా" అంటాడు. నా సంగతి మీకు చెప్పాను కదా! ఆ మాటకి పళ్ళు కొరుక్కుంటూనే, "బాబాయ్, నాకు సర్దుకునేది వద్దు, సరిపోయేది కావాలి" అన్నాను.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నాడాయన.

మా పనిలో మొదటి పాఠం ఆది చొక్కా. మనిషిని నిలబెట్టి కొలిస్తే ఊపిరి బిగబడతాడు, పొట్ట లోపలికి లాక్కుంటాడు, తనకి లేని ఛాతీ తెచ్చుకుంటాడు. వాడి ఒంటికి సరిగ్గా కుదిరిన పాత చొక్కా ఒకటి తెమ్మంటే అది అబద్ధం చెప్పదు. కొత్త గుడ్డ పరిచి, దాని మీద ఆ ఆదిని పరిచి కత్తిరిస్తాం. కాబట్టి ఆ యార్డు గేటు దగ్గరే కారు ఆపి, వెనక ఎడమ చక్రం విప్పించాను. చెడింది ఆ మూలే కనక ఆది కూడా ఆ మూలదే ఉండాలని నాకు తోచింది. ఎంత ఆలోచించినా వేరేలా తోచలేదు.

పాత చక్రాల గుట్టలో వెతగ్గా వెతగ్గా మెరిసే చక్రం ఒకటి దొరికింది. మా చక్రాన్ని నేల మీద బోర్లా పెట్టి, దాని మీద దీన్ని బోర్లా పెట్టాం. అంచుకి అంచు, నాలుగు నట్ల చిల్లులకి నాలుగు చిల్లులు, నడిమి చిల్లుకి నడిమి చిల్లు, గీత తప్పలేదు. తీసుకెళ్ళి వెనక మూలకి ఎక్కిస్తే టక్కున కూర్చుంది. చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది.

"చూశారా, కవలపిల్లలు!" అన్నాడు సర్దుబాటు బాబాయి. నేను కూడా మురిసిపోయాను.

ఇంటికొచ్చి డిక్కీ తెరిచి దానికి చూపించాను. మెళ్ళో కొలతల టేపు వేలాడేసుకుని, చుట్టూ తిరిగి చూసింది. దాని చూపు కాజాలు లెక్కపెట్టే చూపు. ఒక్క దారం వదులుగా ఉన్నా దానికి చిక్కుతుంది.

"ముందు చక్రం పోతేనో?" అంది.

"ముందైనా వెనకైనా చక్రం చక్రమేగా."

"ఎడమ చెయ్యి తొడిగి చూసి, కుడి చెయ్యి కూడా సరిపోయిందనుకుంటావా నువ్వు? చొక్కా అయితే ఊరుకుంటావా?"

నాకు రోషం వచ్చింది. "రా, చూపిస్తా" అని జాకీ పెట్టి ముందు చక్రం విప్పాను. జాకీ, నట్ల పానా కూడా ఆ యార్డులోనే కొనుక్కోవాల్సి వచ్చింది. స్టెప్నీ ఇవ్వని కారుకి అవి మాత్రం ఎందుకిస్తారు! మెరిసే చక్రం ఎక్కించి, నట్లు బిగించి, "ఇదిగో" అంటూ తిప్పబోయాను. కదల్లేదు. గట్టిగా తోశాను. కర్రుమని రాసుకుని ఆగిపోయింది.

ముందు చక్రాల లోపల బ్రేకు పట్టుకునే ఇనుప దిమ్మ ఉంటుంది, కాలిపర్ అంటారట. వెనక మూలల్లో అది లేదు, చిన్న డ్రమ్ము తప్ప. మా అసలు చక్రం వీపు లోతుగా ఉండి ఆ దిమ్మని తప్పించుకుని తిరుగుతుంది. ఈ మెరిసేదాని వీపు లోతు తక్కువ, వెళ్ళి దిమ్మకి తగులుతోంది. రెండు చక్రాలనీ బోర్లా వేసి అంచులు చూశాం కానీ లోపలి లోతు ఎవరమూ చూడలేదు. గుడ్డకి లోతుండదు కనక కుట్టుపనిదానికి ఆ ఊహే రాదు. ఆది నమ్మి గుడ్డ పాడుచేసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

అది పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"పోనీలే అక్కా. నువ్వు చెయ్యాల్సింది చేశావు. మంగళవారం నన్ను అక్కడ దింపేసి రా, చాలు" అని లోపలికి వెళ్ళిపోయింది.

చెయ్యాల్సింది చేశావట! ఆ మాట కన్నా నాలుగు తిట్లు నయం. ఒళ్ళు మండిపోయింది, దాని మీద కాదు, నా మీదే. కారుకి నాలుగు మూలలుంటే ఒక్క మూల చూసి ఎగిరొచ్చాను. చక్రం సరిపోవాల్సింది ఇంకో చక్రానికి కాదు, కారుకి. మనిషికి తొడిగి చూడకుండా చొక్కా ఇచ్చేసే టైలర్లని నేను నోటికొచ్చినట్టు తిడతాను. ఆ తిట్లన్నీ ఆ సాయంత్రం నాకే పెట్టుకున్నాను.

ముందు చక్రం విప్పి ఉండగానే, కొట్లోంచి కాలర్లు కత్తిరించే దళసరి అట్ట, సుద్దముక్క, కత్తెర తెచ్చుకుని నేల మీద కూర్చున్నాను. చక్రం వచ్చి ఆనుకునే పళ్ళెం నుంచి మొదలుపెట్టి, ఆ దిమ్మ ఎక్కడెక్కడ ముందుకి పొడుచుకొచ్చిందో దాన్నంతా అట్ట మీద గీసుకుని కత్తిరించాను. మెడ వంపు కత్తిరించినట్టే. పెట్టి చూడటం, తగిలిన చోట సుద్ద పెట్టడం, మళ్ళీ కత్తిరించడం. సరిగ్గా కుదిరాక, కుట్టుకి జాగా వదిలినట్టు వేలెడు జాగా వదిలి రెండో అట్ట కత్తిరించాను. ఆ రెండో అట్ట ఏ చక్రం వీపులో అడ్డం లేకుండా చుట్టూ తిరుగుతుందో, అది ముందు మూలల్లో కూడా తిరుగుతుంది. మెరిసే చక్రంలో పెట్టి చూస్తే అట్ట సగంలోనే ఆగిపోయింది. ఈ పని యార్డుకి వెళ్ళేముందే చేసి ఉంటే బాగుండేది.

శనివారం ఆస్పత్రి వాయిదాకే సరిపోయింది. మళ్ళీ బస్సులే. స్టెప్నీ లేని కారెక్కనని అది, బస్సులో దాన్ని చూడలేక నేను, ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఆదివారం పొద్దున యార్డు తలుపు తీయకముందే గేటు దగ్గర కారు పెట్టుకుని కూర్చున్నాను.

"అదేంటమ్మా, మొన్న అంత ముచ్చటగా తీసుకెళ్ళారు!" అన్నాడు సర్దుబాటు బాబాయి.

"ముందు తిరగలేదు. ఇవాళ నాకు కావలసింది దొరికేదాకా నేను కదలను. మీరు టీ తాగండి, నేను వెతుక్కుంటాను" అని అట్ట పట్టుకుని గుట్టలోకి దిగాను.

ఒక్కొక్క చక్రం దొర్లించడం, బోర్లా వెయ్యడం, అట్ట పెట్టి తిప్పడం. అట్ట ఆగితే పక్కన పడెయ్యడం. కాసేపు ఆయన టీ గ్లాసు పట్టుకుని వింతగా చూశాడు. తర్వాత సన్నటి చక్రం ఒకటి ఎత్తి తెచ్చాడు.

"ఇది అచ్చంగా స్టెప్నీగానే పుట్టిందమ్మా. మీ డిక్కీ గుంతలో చక్కగా సర్దుకుపోతుంది. పైన సామాను కూడా పెట్టుకోవచ్చు."

అట్ట తిప్పాను. చుట్టూ తిరిగింది. నట్ల చిల్లులు సరిపోయాయి. గుంతలో పెడితే మూత కూడా పడింది. ఇంకేం, దొరికినట్టే అనిపించింది. కానీ దాని పక్కన ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది. నెమ్మదిగా, కొద్ది దూరమే నడపాలట, అదీ దగ్గర్లో ఉన్న మెకానిక్కు దాకా. ఊళ్ళో తిరిగేవాళ్ళకి అది చాలు. నా రోడ్డు మీద దగ్గర్లో ఉండేది కంకర. నన్ను సగం దారిలో దింపేసే సాయం నాకెందుకు?

"వద్దు బాబాయ్. ఇది అక్కడికి వెళ్ళి ఇక్కడికి రాదు."

"ఎవరైనా స్టెప్నీ వేసుకుని అంత దూరం పోతారా అమ్మా?"

"నేను పోతాను. మా చెల్లెలు వెనక ఉంటుంది. దానికి ఆలస్యమవడానికి లేదు."

ఆయన ఏమిటి కథ అన్నట్టు చూశాడు. చెప్పాను. ఎక్కువేం చెప్పలేదు, మిషను సంగతి, చిరిగిన టైరు సంగతి, మేడ మీద గది సంగతి. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, గుట్టకి అటువైపు నుంచి చక్రాలు లాగడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి అట్టకి తిరిగింది కానీ మూడు నట్లు ఎక్కి నాలుగోది పక్కకి నిలబడింది. చిల్లుల మధ్య దూరం గోరంత తేడా. "సుత్తితో ఒక్కటిస్తే సర్దు..." అనబోయి, నా మొహం చూసి ఆయనే ఆగిపోయాడు. కాజాలో గుండీ దూరకపోతే చొక్కా చింపుకోం కదా!

మధ్యాహ్నం అవుతుండగా, గుట్ట అడుగున నల్లటి ఇనుప చక్రం ఒకటి బయటపడింది. అందం చందం ఏమీ లేదు, దుమ్ము కొట్టుకుని ఉంది. మా కారు కంపెనీదే, అంతకు ముందు మోడల్‌దట. అట్ట పెట్టి తిప్పాను. ఎక్కడా ఆగలేదు. చుట్టూ తిరిగి నా చేతికొచ్చింది. మళ్ళీ తిప్పాను. నట్ల చిల్లులు చూశాను. నడిమి చిల్లు చూశాను. కుర్రాడు రాసిచ్చిన కాగితంలో అంకెలు, చక్రం మీద అంకెలు ఒకటే.

"బాబాయ్!" అని అరిచాను. నా అరుపుకి ఆయన చేతిలో చక్రం జారి దొర్లుకుంటూ గేటు దాకా పోయింది.

టైరు పాతబడి బీటలు తీసి ఉంది. మా కారు కొలతదే, పెద్దగా అరగని టైరు ఆయనే వెతికి ఎక్కించాడు. నట్లు బిగించబోతూ ఆయనే మళ్ళీ ఆపాడు. "ఆగండమ్మా. మీ నట్ల అడుగు బల్లపరుపుగా ఉంది, ఈ ఇనుప చక్రం చిల్లు ఏటవాలుగా ఉంది. వీటితో బిగిస్తే వదులైపోతాయి" అని డబ్బాలోంచి ఏటవాలు నట్లు నాలుగు ఏరి, ఒక గుడ్డలో కట్టి ఇచ్చాడు. సర్దుకుపోతుందనే మనిషి నోటి వెంట ఆ మాట విని నేను ఆశ్చర్యపోయాను.

తర్వాత నాలుగు మూలలకీ మార్చి మార్చి ఎక్కించాం. ముందు మూలల్లో ఉన్నప్పుడు స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూశాను. ఒక్కో మూలకీ గేటు ముందున్న గోతిలోంచి కారు దింపి ఎక్కించాను. రాసుకున్న చప్పుడు లేదు, ఊగిసలాట లేదు.

"పెళ్ళికొడుకుని కూడా ఇంతలా పరీక్షించరమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"పరీక్షించకే కదా బాబాయ్ మా చెల్లెలు ఇలా మా ఇంట్లో ఉంది!" అన్నాను. ఆయన నవ్వలేక, నవ్వకుండా ఉండలేక అటు తిరిగాడు.

ఒక్క చిక్కుంది. ఆ చక్రం డిక్కీ గుంతలో పట్టదు. అడుగున పరిచిన అట్ట మీద పడుకోబెడితే డిక్కీ అంతా అదే. చేతిసంచీ పెట్టడానికి కూడా చోటు మిగల్లేదు. సన్నదైతే హాయిగా ఉండేది కదా అన్నట్టు ఆయన చూశాడు. ఆలోచించడానికేముంది? మేము ఆస్పత్రికి వెళ్తాం, షికారుకి కాదు. ఇంటికొచ్చి, సంచుల పట్టీ నాలుగు మడతలు వేసి, మిషను మీద రెండు సూదులు విరగ్గొట్టుకుని కుట్టి, ఆ పట్టీతో చక్రాన్ని డిక్కీ కొక్కేలకి బిగించేశాను.

సోమవారం సాయంత్రం దాన్ని గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టి, దాని ఎదురుగా ముందు చక్రం విప్పి స్టెప్నీ ఎక్కించాను. ఎవరి సాయం తీసుకోలేదు. నట్లు కాలితో తొక్కి వదులు చెయ్యడం, జాకీ ఎత్తడం, చక్రాన్ని మోకాలి మీదకి తీసుకుని పైకి నెట్టడం. ఎక్కించాక చేత్తో కొట్టాను. గిరగిరా తిరిగింది. నడుం పట్టేసినా మొహంలో కనబడనివ్వలేదు.

"బరువా?" అంది.

"దూదిపింజ."

"అబద్ధాలు" అంది. అంతే. చూసినంతసేపు చూసి లేచి లోపలికి వెళ్ళింది. ఉంటాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. మొండిదాన్నే కానీ, దాని నోటి వెంట వెళ్తానన్న మాట రెండోసారి వినే ధైర్యం లేదు.

మంగళవారం పొద్దున నేను కారు అద్దాలు తుడుస్తుంటే అది సూట్‌కేసు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. ఎప్పుడు సర్దుకుందో తెలియదు, బాగా నిండి ఉంది. నా చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది.

"డిక్కీ తెరువు" అంది.

తెరిచాను. నల్లటి చక్రం ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుని ఉంది. అది వంగి చూసింది. చెయ్యి పెట్టి పట్టీని లాగి చూసింది. పట్టీ కదల్లేదు.

"ఇంతుందేంటక్కా? చిన్నది దొరకలేదా?"

"దొరికింది. అది సగం దూరమే వస్తుంది."

"ఇదో?"

"ఇది వెళ్ళి వస్తుంది."

అది చక్రాన్నీ, సూట్‌కేసునీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. రెండూ పట్టవని ఎవరికైనా తెలుస్తుంది. పట్టీ విప్పెయ్యమంటుందేమో అనుకున్నాను. అననే లేదు. కాసేపటికి నాకే పౌరుషం చచ్చిపోయింది. చేతులతో చెయ్యగలిగిందంతా చేశాను. దాని ఇష్టాన్ని కూడా పట్టీ వేసి బిగించలేను కదా. వెనక తలుపు తెరిచాను.

"సీటు మీద పెట్టు. ఖాళీగానే ఉందిగా" అన్నాను.

అది వెనక సీటుని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"ఇక్కడ పెడితే వచ్చేటప్పుడు నేనెక్కడ పడుకోవాలి?" అంది.

సూట్‌కేసు నేనే తీసుకుని లోపలికి వెళ్ళాను. దాని మంచం పక్కన పెట్టి, అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంకా ఎంతసేపు ఏడ్చేదాన్నో కానీ, వేళవుతోందని అది బయట హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.